ఎడమ పక్కన ఓడరేవు

చొరాం,
అక్టోబరు 14, సోమవారం ఉదయం.

ప్రభువునందు ప్రియమైన అక్కయ్య ఒక్‌బున్ గారికి, తమ్ముడు దొక్సు వందనాలు.

దేవాలయ శిఖరం అంచున నిలబడి, "దూకుతాను, దేవదూతలు పట్టుకోకపోతారా" అనేవాళ్ళను ఏమంటారు అక్కయ్యా? విశ్వాసులంటారా? అలా దూకమని ప్రభువును రెచ్చగొట్టింది ఎవడో ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. నీకు తెలియదా?

పలకరింపు పూర్తికాకుండానే మీద పడ్డానని కోపగించుకోకు. రేపు పొద్దున నీ కంటి ఆపరేషను. ఈ సాయంత్రం అయిదింటిలోగా పెద్దాసుపత్రిలో చేరాలి. నువ్వేమో వెళ్ళనంటున్నావు. బుధవారం నుంచి మన సంఘంవాళ్ళు వెళ్ళే ప్రార్థన కొండ మీద నలభై రోజుల ఉపవాసమంటున్నావు. ఫోను ఎత్తవు, నేనొస్తే తలుపు తీయవు. అందుకే మీ వీధికొచ్చే టోఫు బండాయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పది గంటలకల్లా నీ గుమ్మంలో ఉంటాడు.

పోయిన వారం బూసాన్ వెళ్దామన్నది నువ్వే. "ముప్పై ఏళ్ళు సంతలో ఊరగాయలు అమ్మాను. సముద్రం ఒడ్డున్న పెద్ద ఊరిని ఒక్కసారి పైనుంచి చూడాలిరా" అన్నావు. ఆ కోరిక అంత తొందరగా ఎందుకు పుట్టిందో నేను అడగలేదు. నత్తనడక రైలెక్కాం. సముద్రపు నాచులో నువ్వు చుట్టి తెచ్చిన అన్నం తిన్నాం. రాత్రికి చవగ్గా ఉంటుందని ఆవిరి స్నానాల హాల్లో చాప మీద పడుకున్నాం. పొద్దున మెట్రోలో నీకు ఉచితం, నాకు టికెట్టు. "అరవై అయిదు దాటడం కూడా వరమేరా. నీకింకా రాసిపెట్టలేదు" అని వెక్కిరించావు. ఊరంతా కనిపించే టవరు ఎక్కుదామంటే, "ఆ డబ్బుతో రెండు గిన్నెల పంది సూపు వస్తుంది. ఆకాశానికి టికెట్టేమిట్రా?" అన్నావు.

సిటీ బస్సెక్కి కొండవాలు రోడ్డున వెళ్ళాం. కిటికీలోంచి ఊరంతా ఒలకబోసినట్టు కింద ఓడరేవు, ఓడలు, వంతెన. నేను కిటికీ అద్దానికి అతుక్కుపోయాను. నువ్వు మాత్రం కోడిలా మెడ అటూ ఇటూ తిప్పుతూ ఉన్నావు. మురిసిపోతున్నావనుకున్నాను.

దిగాక చూశాం కదా, అక్కడి ఇళ్ళు వాలులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కింది ఇంటి డాబా రోడ్డుకు సమానంగా వస్తుంది. ఆ డాబాల మీదే కార్లు పెట్టుకుంటారు, చేపలు ఎండబెట్టుకుంటారు. "ఇదిగోరా, పైసా అడగని టవరు!" అంటూ నువ్వు ఒక డాబా మీదకు నడిచావు. ఎండుచేపలు తిరగేస్తున్న ఇంటావిడ ఒక్క కేక పెట్టింది.

"ఓ పెద్దమ్మా, ఆగక్కడ! ఇంకో అడుగేస్తే మా కింది వంటింట్లో, సూపు గిన్నెలో తేలతావ్!"

నువ్వు నవ్వావు. నేను నవ్వలేకపోయాను. నీ ఎడమ కాలి ముందు పిట్టగోడ లేదు. మెట్లు దిగే గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. నువ్వు దాన్ని చూడనే లేదు.

"ఎడమ పక్కన ఎర్ర క్రేనులు చూశావా?" అని అడిగాను. "ఎంత బాగున్నాయో" అన్నావు. నీ ఎడమ పక్కన ఉన్నవి నీలం క్రేనులు అక్కయ్యా. ఓడరేవు సగం అటే ఉంది. నువ్వు చూడనిదాన్ని మెచ్చుకున్నావు.

ఇంటావిడ నీ చెయ్యి పట్టి లోపలికి లాగింది. "మా ఆయనా ఇట్టాగే మెడ తిప్పేవాడు. నిక్షేపంగా ఉన్నానని డాక్టరు మీద ఎగిరేవాడు. ఇప్పుడు గోడలు తడుముకుంటూ దొడ్డికెళ్తాడు" అంది. అప్పుడు నువ్వు సంచిలోంచి ఆసుపత్రి కాగితం తీశావు. నీటికాసులు. కంట్లో ఒత్తిడి. అక్టోబరు 15న ఆపరేషను. పోయిన చూపు రాదు, మిగిలినదాన్ని నిలుపుకోవచ్చు, ఆలస్యం చేస్తే అదీ పోతుంది. మూడు నెలలుగా మడత పెట్టి దాచావు!

ఆసుపత్రికి వెళ్దామంటే ఒక్క మాటతో నా నోరు కట్టేశావు. "నీ కన్ను ఏ కత్తి బాగుచేసిందిరా దొక్సూ? వారం రోజులు కొండ మీద మోకరిస్తే దేవుడు బాగుచెయ్యలేదా? నీ నోటితో నువ్వే చెప్పావు. నీకొక దేవుడూ, నాకొక దేవుడా?"

గనిలో బొగ్గు తవ్వుతూ వాక్యం నేర్చుకున్నవాణ్ణి. నా నోరు ఎవరి ముందూ మూతపడలేదు. ఆ డాబా మీద మూతపడింది. తిరుగు రైల్లో నువ్వు వేరే పెట్టెలో కూర్చున్నావు.

ఇప్పుడు విను. గుడ్డివాడి కళ్ళకు ప్రభువు ఏం చేశాడు? ఊరికే ఉండమన్నాడా? బురద పూశాడు, కోనేటికి పోయి కడుక్కోమన్నాడు. వాడు తడుముకుంటూనే వెళ్ళాడు. "నేను కదలను, చూపే నా దగ్గరికి రావాలి" అని ఉంటే ఆ బురద ముఖానే ఎండిపోయేది! డాక్టరు చెయ్యి కూడా ఆ బురదే. నీ కోనేరు ఆసుపత్రిలో ఉంది.

నీ క్షేమం కోరే తమ్ముడు,
ప్యో దొక్సు

తా.క.: సంతకం పెట్టాక కూడా కలం వదలలేకపోతున్నాను. మూడేళ్ళ కిందట నేను ఏ కొండా ఎక్కలేదు. ఆ వారమంతా నువ్వు చేరాల్సిన ఆసుపత్రిలోనే, మూడో అంతస్తులో ఉన్నాను. నాదీ నీటికాసులే. నొప్పికి తల గోడకేసి కొట్టుకుంటుంటే పక్క దుకాణంవాడు మోసుకెళ్ళాడు. కోసి బాగుచేశారు. ఇంటికొచ్చేసరికి, వారమంతా కనబడని నేను కంటి కోసం కొండెక్కాననుకున్న సంఘమంతా గుమ్మంలో నిలబడి, కొండ మీద అద్భుతం జరిగిందని పాటలు పాడుతోంది. కాదనడానికి సిగ్గుపడ్డాను. ఆదివారం ఆ అబద్ధాన్నే సాక్ష్యంగా చెప్పాను. నువ్వు ముందు వరుసలో కూర్చుని ఏడ్చావు. ఇప్పటికీ రోజూ రెండు పూటలా తలుపేసుకుని కంట్లో మందు చుక్కలు వేసుకుంటున్నాను. అననీయ ఒక్క అబద్ధానికి అపొస్తలుడి కాళ్ళ దగ్గర చచ్చిపడ్డాడు. నేను మూడేళ్ళుగా బతికి ప్రసంగాలు చేస్తున్నాను.

వచ్చే ఆదివారం ఇదంతా అందరి ముందూ చెబుతాను. నా మొహం చూడనంటావా, చూడకు. కానీ చూపుండి చూడకు. ఆసుపత్రి కాగితం తీసుకుని రైలెక్కు. పన్నెండున్నర రైల్లో నేను చొరాంలో ఎక్కుతాను, దూరంగానే కూర్చుంటాను, ఒక్క మాటా మాట్లాడను. రేపటికి వాయిదా వెయ్యకు అక్కయ్యా. ఈ రోజే, ఈ ఉత్తరం మడిచే లోపే, లేచి చెప్పులు వేసుకో!