అభిమానంతో తలుపు తీయలేదు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా, మీ ఖాళీ కుర్చీతో సహా. అత్తయ్యగారి మోకాలు ఎలా ఉందని అడిగారు. నా మీద అరవడానికి వంటగది దాకా నడిచి వస్తున్నారు కాబట్టి బాగున్నట్టే. స్నానాలగది కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది. మీ ఆఫీసువాళ్ళు ఇంకో ఏడాది అక్కడే ఉండమంటున్నారని, కాగితాల మీద సంతకం పెట్టేయనా అని కూడా అడిగారు. దానికి జవాబు రాయబోతే కలం సాగడం లేదు. పొయ్యి కట్టేశానో లేదోనని లేచి వెళ్ళి చూసొచ్చాను. కట్టేసే ఉంది. మళ్ళీ వెళ్ళి చూశాను.

ముందు ప్రెస్సులో జరిగిన గొడవ చెబుతాను. ఒక బెంగాలీ కవయిత్రి పుస్తకం తెలుగులో వేస్తున్నారు, ప్రూఫులు నేనే దిద్దుతున్నాను. అందులో ఒకచోట, "నీ మీద అభిమానంతో తలుపు తీయలేదు. నువ్వు మళ్ళీ తట్టలేదు" అని ఉంది. అభిమానం ఉంటే తలుపెందుకు తీయదు? తప్పు పడిందనుకుని 'కోపంతో' అని దిద్దేశాను. మర్నాడు అనువాదం చేసిన మాస్టారు రుసరుసలాడుతూ వచ్చారు.

"కోపం దారినపోయేవాడి మీదైనా వస్తుందమ్మా! బెంగాలీలో అభిమానం అది కాదు. నా మనిషి అనుకున్నవాళ్ళు మనసు కష్టపెడితేనే వస్తుంది. పైకి చెప్పుకోరు. చెప్పకుండానే వాళ్ళు తెలుసుకోవాలి."

"ఆ ముక్కేదో తెలుగులో చెప్పండి మాస్టారూ! మాకు అభిమానం అంటే సినిమా హీరోల మీద ఉండేది."

"పోనీ, అలక అందామా?"

"అలిగితే ఇల్లంతటికీ తెలిసేలా మూతి ముడుచుకుంటాం కదండీ. ఇదేమో నోరు మెదపనిదాయె."

ఆయన గడ్డం గోక్కుని, "నువ్వెప్పుడైనా అలా తలుపు తీయకుండా ఉన్నావా తల్లీ?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రూఫులు బల్ల మీద పడేసి ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

మీరు బయల్దేరిన రోజు తలస్నానం చేస్తున్నానని లోపలే ఉండిపోయాను, గుర్తుందా? అబద్ధం. కుళాయి తిప్పి, గడియ పట్టుకుని నిలబడ్డాను. "వెళ్ళొస్తానోయ్" అని ఒక్కసారి తట్టారు. ఇంకోసారి తట్టి ఉంటే తీసేదాన్ని. ఉద్యోగానికి ఒప్పుకున్నాక నాకు చెప్పారు గాని, ఒప్పుకునే ముందు అడగలేదు. అదీ నా బాధ. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ నాకేం పర్వాలేదని రాశాను. అదీ అబద్ధమే.

ఈసారి సంతకానికి ముందే అడిగారు. రెండోసారి తట్టినట్టే అనుకుంటున్నాను. సంతకం పెట్టకండి. వచ్చేయండి.

మాస్టారికి తెలుగు మాట ఇంకా దొరకలేదట. నాకూ దొరకలేదు.

ఇట్లు,
అభిమానంతో, ఈ ఒక్క మాట బెంగాలీలో చదువుకోమని కోరుతూ,
మీ ఆవిడ