చివరి పాటలో చప్పట్లు

ఇల్ఫర్డ్,
మార్చి 2006

అమ్మకు మనోజ్ఞ నమస్కారాలు. ఇక్కడ ఆయన, పాప, నేను కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. పాప దగ్గు గురించి అడిగావు. పొద్దంతా సర్జరీలో, అంటే ఇక్కడి క్లినిక్‌లో, కూర్చోబెట్టి, చివరికి జీపీ డాక్టరు నీళ్లు బాగా తాగించమన్నాడు. ఆ మాత్రం నాకు తెలియదా?

మేబెల్ ఆంటీ గురించి కూడా అడిగావు. మా పక్క ఫ్లాట్ ముసలావిడే. జన్మంతా సోల్ పాటలు, అంటే ప్రేమలూ విరహాలూ పాడి, డెబ్బై దాటాక వాళ్లమ్మ చర్చిలో పాడిన పాత గాస్పెల్ పాటలు రికార్డు చేసింది. ఆ సీడీకే అవార్డు వచ్చింది. కోరస్‌లోకి నన్నూ పిలిచిందని రాశాను కదా, అప్పటినుంచి నా ప్రాణం తోడేస్తున్నారు. గుడికి వెళితే, "చర్చి పాటలు పాడుతున్నావటగా?" అని ఆరా. ఇంట్లో ఈయన, "గింత పెద్ద అవార్డొచ్చె, నీ గొంతు ఏ పాటల ఉన్నదే?" అని ఒకటే నస.

ఇప్పుడు నువ్వూ అదే అడిగావు. నేను పంపిన సీడీ ఎన్నిసార్లు విన్నా నా గొంతు దొరకలేదన్నావు. శ్రీరామనవమికి భజన మండలి వాళ్లందరినీ పిలిచి వినిపిస్తానన్నావు. ఇక దాచలేను.

అందులో నా గొంతు లేదమ్మా.

కోరస్ వాళ్లు చప్పట్లు రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ కొడతారు. నా చేతులేమో నీ భజన తాళంలో మొదటి దెబ్బకే పడతాయి. ఎంత ఆపుకున్నా అంతే. రికార్డింగ్ చేసేవాడు విసుక్కుని నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, "జస్ట్ మూవ్ యువర్ లిప్స్, లవ్" అన్నాడు. ఊరికే పెదాలు కదపాలట! మాటలు సరిగా రాకముందే నీ పక్కన కూర్చుని పాడినదాన్ని. ఒళ్లు మండిపోయింది. ఆ కోపమంతా ఇంటికొచ్చి అంట్లగిన్నెల మీద చూపించాను.

చివరి పాట వాయిద్యాలేమీ లేకుండా ఆంటీ ఒక్కతే పాడింది. తలుపు దగ్గర నా చేతులు మళ్లీ ఊరుకోలేదు. అతను తల పట్టుకుని, ఇంకోసారి పాడమన్నాడు. ఆంటీ ససేమిరా అంది. "ఉండనివ్వు. ఆ పిల్ల తల్లి వింటుంది" అంది.

సీడీ మీద నా పేరు కూడా వేయలేదు. ఎవరికీ చెప్పుకోలేక ఉడికిపోతున్నాను. నువ్వూ నన్ను కనిపెట్టలేదని చదివి ఏడుపొచ్చింది. నువ్వు గొంతు కోసం వెతికావు మరి. మండలి వాళ్లు రాకముందే ఆ చివరి పాట ఒక్కదానివే కూర్చుని విను. ఆ చప్పట్లు నావి. తాళం తప్పిందో లేదో నువ్వు చెప్పు. ఆ రికార్డింగ్ వాడు చెబితే నేను నమ్మను.

ఇట్లు,
నీ కూతురు
మనోజ్ఞ