మూడో ఏటికి ఖాళీ అయ్యే ఊరు

14 జూన్ 2004, సోమవారం

కొత్త ఉద్యోగంలో చేరి వారం. నాలుగేళ్లు లాయరుగా తిరిగి, వాయిదాలు తప్ప కేసులు లేక మానేశాను. ఇప్పుడు ద్వారకానగర్‌లో మూడో అంతస్తులో కూర్చుని లేని రాజ్యానికి చట్టాలు రాస్తున్నాను. కంప్యూటర్ గేమ్. ఆడేవాడే రాజు. పన్నులు వేస్తాడు, దొంగల్ని శిక్షిస్తాడు. డ్రాగన్ కూడా ఉంది. అది నా డిపార్ట్‌మెంట్ కాదు.

బాస్ గురునాథరావు గారు ఒక లిస్టు ఇచ్చారు. బస్తా ధాన్యం దొంగిలిస్తే ఎద్దు జప్తు. రెండోసారి చెయ్యి నరకడం. మూడోసారి ఉరి. ఇంగ్లీషు సరిచూడమన్నారు. సరిచూశాను.

22 జూన్

గేమ్ టెస్ట్ చేసే ఉమామహేష్ తన స్క్రీన్ చూపించాడు. వన్ టౌన్‌లో ఉంటాడు, నన్ను అక్కా అంటాడు. స్క్రీన్ మీద ఊరు. నలభై ఇళ్లు, ఒక్క మనిషి లేడు. ఎన్నిసార్లు ఆడినా మూడో ఏటికి ఇంతేనట. ప్రోగ్రామర్లు బగ్ అన్నారు.

మధ్యాహ్నమంతా ఇద్దరం ఆటలో వెనక్కి వెళ్లి చూశాం. ఒక రైతు ఆకలికి బస్తా ఎత్తాడు. ఎద్దు పోయింది. దున్నలేకపోయాడు. పన్ను కట్టలేక మళ్లీ ఎత్తాడు. చెయ్యి పోయింది. ఇలా ఇంటి తర్వాత ఇల్లు.

"బగ్ కాదక్కా, మన లిస్టే" అన్నాడు.

27 జూన్, ఆదివారం

ఆనందపురం అవతల మా ఊరు వెళ్లాను. నాన్న వంగమడిలో ఉన్నాడు. గేమ్ సంగతి చెప్తే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పార పక్కన పెట్టి మరీ విన్నాడు.

"ఎద్దుని అట్టుకుపోతే ఆడు మరి దేంతో దున్నుతాడే ఈస్సరీ? దొంగతనం సేసినోడికి సిచ్చ ఉండాల్సిందే, కాదనను. ఆడి సేత కాలవలో పూడిక తీయించండి. ఊడుపులప్పుడు, కోతలప్పుడు మాత్రం ఆడి పనికి ఆడిని ఒగ్గీండి."

నా నాలుగేళ్లలో ఇంత పొట్టి జడ్జిమెంటు వినలేదు.

9 జూలై

కొత్త లిస్టు పెట్టి ఆడించాం. బస్తాకి ఇరవై రోజుల కాలవ పని. పోగొట్టుకున్నవాడికి కోతల తర్వాత బస్తాకి బస్తా. తొమ్మిదో ఏడు కూడా ఇళ్ల మీంచి పొగ లేస్తోంది. కాలవ బాగుపడి పంట పెరిగింది. ఉమామహేష్ కుర్చీలోంచి లేచి గంతేశాడు.

గురునాథరావు గారు చూసి బోర్ కొడుతోందన్నారు. క్లయింటుకి ఉరికంబం కావాలట.

కంచరపాలెం దాకా బస్సులో నిలబడే వచ్చాను. కాళ్లు లాగుతున్నాయి.

10 జూలై

ఉరికంబం పెట్టాం.

3 ఆగస్టు

ఉమామహేష్ పట్టుబడ్డాడు. జీతం చాలక ఇంట్లో స్టూడెంట్ల ప్రాజెక్ట్ రిపోర్టులు టైప్ చేస్తాడు. ఆ కంప్యూటర్ మొరాయిస్తోందని ఆఫీసు ర్యామ్‌లు రెండు ఎవరికీ చెప్పకుండా పట్టుకెళ్లాడు. అడగ్గానే ఒప్పుకుని తెచ్చి ఇచ్చేశాడు.

ఉద్యోగం పోయింది. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏడాది దాకా ఇవ్వొద్దన్నారు బాస్. ఆ మేరకు లెటర్ నన్నే రాయమన్నారు. అవి లేకపోతే అతన్ని ఇంకెవరూ తీసుకోరు సార్, ఎద్దుని జప్తు చేసినట్టే అన్నాను.

"ఇది గేమ్ కాదండీ" అన్నారు.

ఆయన దుర్మార్గుడేం కాదు. పోయినేడు ఎవరో ఆఫీసు కంప్యూటరే ఎత్తుకుపోతే, ఇంట్లో పిల్లల కంప్యూటర్ తెచ్చి పని నడిపించారట. ఈసారి భయపడ్డారు.

లెటర్ టైప్ చేశాను. అలసిపోయి ఉన్నాను. అది సాకు కాదని తెలుసు.

19 ఆగస్టు, సాయంత్రం 6

ఉమామహేష్ బస్టాపులో కనిపించాడు. నా కోసమే నిలబడ్డాడట. రెండు ఇంటర్వ్యూల్లో సెలెక్టయ్యాడు. రెండు చోట్లా ఒరిజినల్స్ అడిగారు.

"తప్పే సేసాను అక్కా. ఏ పనైనా సెప్పమనండి, ఊరికే సేత్తాను. ఆ కాగితాల్లేపోతే నన్నెవుడు రానిత్తాడు?"

లెటర్ టైప్ చేసింది నేనేనని చెప్పాను. తెలుసన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కలేదు. మళ్లీ ఆఫీసు మెట్లెక్కాను. అగ్రిమెంట్లు నేనే చూస్తాను కాబట్టి బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. అతని సర్టిఫికెట్ల కవరు తీసి కిందికి తెచ్చి అతని చేతిలో పెట్టాను.

చొక్కా లోపలికి దోపుకుని, "మరి మీకేటవుద్ది?" అన్నాడు.

ఏమీ కాదన్నాను.

20 ఆగస్టు

పొద్దున్నే బాస్‌కి నేనే చెప్పాను. తాళం చెవి అడిగారు. తర్వాత బీరువా తెరిచి నా సర్టిఫికెట్లు తీసి నా ముందు పెట్టారు.

"మీవి ఆపను. రేపట్నించి రావద్దు."

ఆ మాటకి థాంక్స్ చెప్పాను. వెటకారంగా కాదు.

21 ఆగస్టు

పదింటి దాకా పడుకున్నాను.

30 నవంబరు, మంగళవారం

మళ్లీ కోర్టు. మొదటి కేసు గంగరాజు అనే జాలరిది. రేవులో కొట్లాట. అతను జైల్లో, జప్తు చేసిన వల పోలీస్ స్టేషన్లో. బెయిల్ పిటిషన్ మీద సంతకం పెట్టమన్నాను.

"నాను ఇంకో నాలుగ్రోజులుంటాను గానీ అమ్మా, ముందు వల ఇడిపించండి. మా తమ్ముడు ఏటకెల్తాడు."

కాగితం తిప్పి, వెనకవైపు వల గురించి రాసుకోవడం మొదలుపెట్టాను.