ఏ కంపెనీ మందు?

పటాన్‌చెరు,
2005, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం చదివి కడుపు నిండింది. వరుసగా రెండు ఈతల్లోనూ పారుడు రోగంతో దూడలు పోయిన నీ కొట్టంలో ఈసారి దుడ్డె గంతులేస్తున్నదంటే ఇంకేం కావాలి!

నేనిచ్చిన సీసాలో మందు ఏ కంపెనీదని అడిగావు. అది చేసిన చేతులకు జున్ను పంపుతానన్నావు. ఇక దాచలేను. అది మందు కాదు. నీ తోడికోడలు ఆగమ్మక్క బర్రె ఈనిన నాడు పిండిన జున్నుపాలు.

పోయిన ఈతప్పుడు మీ రెండు బర్రెల జున్నుపాలూ మా ల్యాబుకు తెచ్చాను కదా. దూడల్ని చంపే కరోనా వైరస్ మీద మా డాక్టరమ్మ వాటిని పరీక్షించింది. నీ బర్రెవి పోస్తే వైరస్ కొంత తప్పించుకుంది. ఆగమ్మక్క బర్రెవి పోసినా అంతే. రెండూ కలిపితే కదల్లేకపోయింది. ఆ పాలల్లోని యాంటీబాడీల పనట అది. "ఒకటి కొమ్ములు పడితే ఇంకోటి కాళ్లు కట్టేస్తది" అని నాకర్థమయ్యేలా చెప్పింది. కాస్తే ఆ బలం పోతుందనే, నీ బర్రె జున్నుపాలల్లో పచ్చిగా కలిపి తాపమన్నాను.

అబద్ధం మాత్రం నాది కాదు. పాలు అడగబోతే ఆగమ్మక్కే అన్నది: "నా పేరు చెప్తే మా యారాలు పారబోస్తది. మందని చెప్పు తమ్మీ. దూడ బతకాలె గదా."

జున్ను పటాన్‌చెరు దాకా పంపకు అక్కా. మీ ఇద్దరి కొట్టాల నడుమ గోడ నడుమెత్తే కదా, మీదినుంచి అందించు.

నీ తమ్ముడు