ప్రేమవిందులో రొయ్యలు

అక్కా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి కోతపండుగ నిన్న జరిగింది. చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందు వంట నా మీద పడింది.

సంఘపెద్ద ప్రకాశం గారు తొలి పంట దేవుడికే, ప్రథమఫలమంటూ తన చెరువులో రొయ్యలు రెండు టబ్బులు తెచ్చారు. పాస్టరు గారు వాటిని దీవించారు. కూర ఉడుకుతుండగా ప్రకాశం గారి భార్య పొయ్యి దగ్గరకొచ్చి, "వదినా, మా పిల్లలకి పప్పే వడ్డించు. ఆ చెరువుకి రోగమొస్తే మొన్ననే మందులు చల్లారు. మేం తినం" అని చెవిలో చెప్పింది.

వెళ్లి ప్రకాశం గారినే అడిగాను.

"ఏం చేస్తాం చెల్లెమ్మా, సాతాను నీళ్లని కూడా పాడుచేశాడు. కడవరి దినాలు" అన్నారు నవ్వుతూ.

"మందుల సంచి సాతానే మోసుకొచ్చాడా అండీ?" అన్నాను. నా గొంతు నీకు తెలుసుగా, ఆయనకి తప్ప ఎవరికీ వినపడలేదు.

చెడు ఎక్కడినుంచి వచ్చిందని సండేస్కూల్లో పిల్లలు అడిగితే, "దేవుడు అన్నీ మంచివే చేశాడు. మంచిదని తెలిసీ మనిషే వంకర తిప్పాడు" అనేదానివి. అది చిన్నపిల్లల పాఠమనుకునేదాన్ని. ఆ నవ్వు చూశాక అసహ్యమేసింది, నీ పాఠం అప్పుడే అర్థమైంది.

పిల్లలు అప్పటికే పంక్తిలో కూర్చున్నారు. మొదటి గరిటె ఆయన విస్తరిలో వేసి, "తినండి అన్నయ్య గారూ, మీరు తిన్నాకే పిల్లలకి పెడతాను" అని పక్కనే నిలబడ్డాను. ఆయన ముట్టుకోలేదు.

కూరంతా గోతిలో పోసి మన్ను కప్పాను. దీవించిన ఆహారం పారబోశానని పాస్టరు గారికి కోపం. ఆ గొయ్యి నేనొక్కదాన్నే తవ్వాను, అక్కా.