వేలిముద్రలన్నీ మెచ్చుకోళ్ళేనని మనవి

గౌరవనీయులైన సంచాలకుల వారి సముఖమునకు,
అటవీ ఫలసాయ పరిశోధనా కేంద్రం, పాల్వంచ.

అర్జీదారు: వెంకటకృష్ణ, శాస్త్రవేత్త, చర్ల మండల క్షేత్ర విభాగం.

విషయం: నాపై విచారణ మూసివేసి, హైదరాబాదులోని వ్యాపార విద్యా కళాశాల ముఖాముఖికి వెళ్ళుటకు నిరభ్యంతర పత్రం రేపు సాయంత్రం నాలుగు గంటలలోపు ఇప్పించుట గురించి.

అయ్యా,

పదకొండేళ్ళుగా తమ కేంద్రంలో ఇప్పపువ్వు ఆరబెట్టు పద్ధతులపై పరిశోధన చేయుచున్న నాకు, ఎల్లుండి శనివారం ఉదయం పది గంటలకు సదరు కళాశాలలో ముఖాముఖి నిర్ణయమైనది. ఏడాది కోర్సు. పిలుపు వచ్చిన రోజున నేను ఆఫీసు జీపు చుట్టూ మూడుసార్లు పరుగెత్తిన మాట వాస్తవమే. డ్రైవరు ఆ సంగతి తమకు చెప్పే ఉంటాడు. నిరభ్యంతర పత్రం చేతిలో లేనిదే అక్కడ గేటు కూడా దాటనివ్వరు. ఆ పత్రం ఎందుకు ఆగినదో ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. తొలుత నేను శాస్త్రీయంగానే నడుచుకొంటిని. సీటు వచ్చునో రాదో తేల్చమని ఒక కోచింగ్ సెంటరుకు నా వివరములు పంపగా, వారు "వయసు నలభై ఒకటి, వ్యాపార అనుభవం సున్న, అవకాశం పన్నెండు శాతం" అని జవాబిచ్చిరి. ఆ కాగితం పట్టుకొని నేను దిగాలుగా కూర్చొనగా, నా భార్య రాజ్యశ్రీ తీసుకొని చదివి, "పన్నెండా! పోయినేడు మీరు నాటిన విత్తనాల్లో మొలిచింది తొమ్మిది శాతమే కదండీ. నయమే," అన్నది. ఆ తొమ్మిది శాతం లెక్క మన వార్షిక నివేదికలో వేరే విధంగా ఉన్నదని నాకు తెలియును. ఈ అర్జీలో దాని ఊసు ఎత్తుట లేదు.

2. పన్నెండు శాతంతో మనసు నిలవక ముత్తక్కను అడిగితిని. ముత్తక్క మా క్షేత్రం పక్క గూడెంలో ఇప్పపువ్వు ఏరే నలభై మూడు మంది ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఆ గూడెంలో ఏ చెట్టు ఏ ఇంటిదో తాతల నాటి నుంచి వాటా ఉన్నది. ఆకు రాలగానే వారు చెట్టు చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మ చివర మొగ్గ చూసి, ఈ ఏడు ఎన్ని గంపలు రాలునో చెప్పుదురు. నేను కంప్యూటరులో వేసిన అంచనా ఒక్క ఏడూ కుదరలేదు. ముత్తక్క అంచనా తొమ్మిదేళ్ళలో ఒక్క గంపకు మించి తప్పలేదు. కావున నన్ను కూడా ఒక చెట్టు కింద లెక్కగట్టి చూడమని కోరితిని.

ఆమె నన్ను ఎండలో నిలబెట్టి చుట్టూ రెండుసార్లు తిరిగింది. నెత్తి చూసింది. చేతివేళ్ళు తిప్పి చూసింది. మిగతా ఆడవాళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు.

"మాట తక్కువ, లెక్క ఎక్కువ. అమ్మే నోరు గాదు సారూ నీది," అన్నది. "గానీ వేరు మంచిగ దిగింది. వస్తది. సగానికి మీదనే వస్తది."

సగానికి మీద! అయ్యా, ఆ రోజంతా నా కాళ్ళు భూమి మీద ఆగలేదు.

3. ముఖాముఖికి రెండు సిఫారసు లేఖలు తీసుకొని రావలెనని పిలుపులో ఉన్నది. మొదటిది తమరు దయతో ఇచ్చినదే: "ఇతడు వేళకు వచ్చును." రెండవది నా నాయకత్వమును కళ్ళారా చూసినవారు, నేను పనిచేయు ఆఫీసు ద్వారా ఇవ్వవలెనట. నా నాయకత్వం చూసినవారు ముత్తక్క సంఘం తప్ప ఈ భూమి మీద ఎవరూ లేరు. వారు చెప్పగా గూడెం బడి శారద టీచరు రాసిపెట్టినది. అందరి తరఫున ముత్తక్క ఒక్కతె వేలిముద్ర వేస్తే చాలునని నేనన్నాను. "నేనొక్కదాన్నే ఏస్తే మిగిలినోళ్ళు అలగరా? రేపు పువ్వుకు నువ్వొస్తవా వాళ్ళను పిలువ?" అన్నది. నలభై మూడు ముద్రలూ పడినవి. వారే బస్సెక్కి వచ్చి మన ఆఫీసు టపా కౌంటరులో ఇచ్చి వెళ్ళిరి.

4. అసలు ఉపద్రవం ఇక్కడ. అన్ని వేలిముద్రలతో మన కౌంటరుకు వచ్చిన కాగితం ఇంతవరకు ఫిర్యాదు కానిది ఒక్కటీ లేదు. గుమాస్తా గారు ముద్రలు చూసిరి, పైనున్న నా పేరు చూసిరి, మధ్యలో ఉన్నది చదవనే లేదు. "ఫిర్యాదు" అని స్టాంపు కొట్టి ఫైలులో పెట్టిరి. విచారణ మొదలైనది. విచారణలో ఉన్నవానికి నిరభ్యంతర పత్రం ఇవ్వరాదని నిబంధన. వారి తప్పు లేదు. వారి స్థానంలో నేనున్నా స్టాంపే కొట్టేవాడిని.

5. విచారణకు సూపరింటెండెంట్ కిషన్‌లాల్ గారు గూడెం వెళ్ళిరి. రహస్య విచారణ కాబట్టి తాము ఎవరో చెప్పలేదు. కళాశాల నుంచి ఎవరైనా వాకబు చేయుటకు రావచ్చునని నేను ముత్తక్కతో అంతకుముందే అని ఉంటిని, నా నోరు పడిపోను. ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ఫైలుతో దిగిన మనిషిని చూసి వారు ఆయనే కాలేజీ సారనుకొన్నారు. నాకు సీటు ఇప్పించుటకు నడుం కట్టిరి. కోడిని కోసిరి. కిషన్‌లాల్ గారు రాసుకొన్న వాంగ్మూలం ప్రతి నా చేతికి వచ్చినది. అందులోని ముక్కలు:

"మీ సారు వ్యాపారం చేస్తాడా?"

"అవ్ సారూ! మస్తు జేస్తడు. మా పువ్వంతా ఆయనే అమ్ముతడు. ఖమ్మం దాక ఆయన చేతులనే ఉంది."

"మీతో ఎట్లా ఉంటాడు?"

"పెత్తనమంతా ఆయనదే. లైన్ల నిలబెడ్తడు. ఎవ్వరి మాటా ఇనడు. ఆయన అరిస్తే గూడెం గూడెమే గజగజ వణుకుతది."

ఏమి చెప్పను! కళాశాలకు ఇంతకంటే గొప్ప సిఫారసు ఉండదు. కొలువులో ఉన్నవానికి ఇంతకంటే గొప్ప నేరమూ ఉండదు. నిన్న నాకు మెమో వచ్చినది: అనుమతి లేకుండా సొంత వ్యాపారం, గిరిజన మహిళలపై దౌర్జన్యం. చదివి ముందు భయపడితిని. తరువాత, సిగ్గు విడిచి చెప్పుచున్నాను, కడుపు పట్టుకొని నవ్వితిని.

6. నేను వ్యాపారిని కానని రుజువు. మూడేళ్ళ కింద ఖమ్మంలో ప్రదర్శన పెట్టినప్పుడు మా శుభ్రమైన పువ్వు అమ్ముటకు ఒక రోజంతా నిలబడితిని. వచ్చినవారికల్లా తేమ శాతం గురించి వివరించితిని. అమ్ముడుపోయినది ఒక్క పొట్లం. కొన్నది రాజ్యశ్రీ. ఇక నేను అరిస్తే గూడెం వణుకుట గురించి: నేను అరిచినది ఒక్కసారే, బల్లి మీద పడినప్పుడు. వణికినది నేనే.

చూడండి, నా గతి. ఉద్యోగం నిలవాలంటే నాకు వ్యాపారం బొత్తిగా చేతకాదని తమ ముందు రుజువు చేయాలి. సీటు రావాలంటే చేతనవునని కళాశాలలో ఒప్పించాలి. కావున ఈ ఆరో పేరాను ఎట్టి పరిస్థితులలోనూ కళాశాల వారికి పంపవద్దని ప్రార్థన.

7. ఇంత వయసులో ఈ చదువు ఎందుకని తమరు ఒకసారి అడిగితిరి. అప్పుడు "వృత్తి నైపుణ్యాభివృద్ధి" అని రాసి ఇచ్చాను. అది అబద్ధం కాదు గాని నిజమూ కాదు. చెట్టు కింద వల కట్టించి, మన్ను అంటకుండా, మసి లేకుండా పువ్వు ఆరబెట్టించాను. అది నా పని, బాగా చేశాను. ఆ పువ్వును కొనే షావుకార్లు మన్ను పువ్వుతో కలిపి అదే బస్తాలో, అదే ధరకు తూకం వేసి తీసుకుపోతున్నారు. ముత్తక్క నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు మళ్ళీ వల కట్టింది. అది నాకు తట్టుకోవడం కష్టంగా ఉంది. తేమ కొలవడం వచ్చు నాకు. ఆ పువ్వు విలువ కొనేవాడికి ఎట్లా చెప్పాలో రాదు. అది నేర్పేచోట నన్ను ఒక్కసారి కూర్చోనివ్వండి.

8. బస్సు రేపు సాయంత్రం అయిదింటికి.

కావున, ఫిర్యాదు ఫైలులోని లేఖను తమరు స్వయంగా ఒక్కసారి చదివి, విచారణ మూయించి, సదరు లేఖను, నిరభ్యంతర పత్రమును నాకు ఇప్పించవలసినదిగా ప్రార్థన. సీటు రాకపోతే సోమవారం వేళకు వచ్చెదను. యావత్తూ చిత్తగించవలెను, రేపు నాలుగింటిలోపు చిత్తగించిన మరీ సంతోషము.

తమ విధేయుడు, నేటివరకు ఏ వ్యాపారమూ చేయనివాడు,
వెంకటకృష్ణ

తా.క.: అయ్యా, ఇది తమ వరండాలో కూర్చొని రాస్తున్నాను. సంతకం పెట్టబోతుండగా గేటులోకి డీసీఎం వ్యాను వచ్చింది. నలభై ముగ్గురూ దిగారు. మెమో సంగతి ఎవరో చెప్పారట. నా వల్ల మీకు తిప్పలైందని అనబోతే ముత్తక్క అననివ్వలేదు.

"నా మాటకు నీ నౌకరీ మీదికొచ్చింది. నేనే జెప్పుకుంట. నువ్వు పోయి నేర్చుకొని రా. మళ్ల రాకుంటివా, పట్నం దాక వచ్చి గుంజుకొస్తం."

"వస్తానక్కా," అన్నాను.

అనుమతి లేనిదే లోపలికి రారాదని తమ తలుపు మీద రాసి ఉన్నది. ముత్తక్కకు చదువు రాదు. ఈ అర్జీ కూడా ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను. తమరు ఈ చివరి వాక్యానికి వచ్చేసరికి ఆమె తమ బల్ల ముందే నిలబడి ఉంటుంది. దయచేసి తల ఎత్తి, ఆమె అడిగినదానికి సరేననండి.