పేరున్న కాగితం

జూలై 2, మద్దేడు

వాన. పొద్దున్నే లచ్చక్క మా ఇంటికి వచ్చింది, వెనక తలుపు నుంచి. ఆశ్రమ్ హాస్టల్లో, గిరిజన పిల్లల సర్కారు హాస్టల్లో, వంట చేస్తుంది. నేను బస్తర్‌లో ఊరూరా తిరిగి జ్వరం మందులు పంచిన రోజుల నుంచీ తెలుసు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాలుగొద్దులు జ్వరమక్కా మా హాస్టల్ల ఒక పిల్లకు. దవాఖానకు తీస్కపోలే. సచ్చిపోయినంక, ముందుగాల్నే ఇంటికి పోయిందని రిజిస్టర్ల రాసిన్రు. ఏడికి పోయింది? నేనే జావ తాపిన."

నా సహాయకుడు సమ్మయ్య హిందీలో రాశాడు, ఆమె వేలిముద్ర వేసింది. బొటనవేలికి పసుపు ఉంది. అదీ కాగితానికి అంటింది.

"నా పేరు బయటికి రావద్దు."

రాదు అన్నాను. చేతిలో చెయ్యి వేశాను.

జూలై 4, రాయపూర్

ప్రతిపక్ష నాయకురాలిగా నాకిచ్చిన బంగళా. నాలుగు నెలలైనా ఎవరింట్లోనో చుట్టంలా ఉన్నాను. తోటమాలి కిటికీ కిందే గడ్డి పీకుతాడని మార్పించాను. కొత్తవాడు మరీ మర్యాదగా ఉన్నాడు. అదీ నచ్చలేదు.

జూలై 5

పార్టీ మీటింగ్. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఎందుకు? ఈ కుర్చీ నాకు ఇచ్చినప్పుడు వీళ్లలో సగం మంది ముఖాలు మాడిపోయాయి. "బస్తర్ అమ్మాయి, హిందీ కూడా తడబడుతుంది" అన్నవాడు ఇవాళ లేచి కుర్చీ జరిపాడు.

జూలై 7

పెన్ను కోసం సమ్మయ్య సంచిలో చెయ్యి పెట్టాను. రెండు కాగితాలు. ఒకటి లచ్చక్క వేలిముద్రది. ఇంకోటి అదే సంగతి, సమ్మయ్య తిరగరాసింది... పేరు లేదు, ముద్ర లేదు.

రెండోది ఎందుకు? నాకెందుకు చెప్పలేదు?

సభలో మంత్రి "ఎవరు చెప్పారు, ఆధారమేది" అంటే నేను నోరెళ్లబెట్టాలనా? ఎవరైనా చెప్పించారా? సమ్మయ్యని అనుమానించడం తప్పే. సర్పంచిగా నిలబడ్డప్పుడు నా నామినేషన్ కాగితాలు నెత్తిన పెట్టుకుని వాగు దాటినవాడు. అయినా — అప్పుడు నేను ఏమీ కాదు. ఇప్పుడు నా దగ్గర అమ్ముకోవడానికి ఏదో ఉంది.

జూలై 8

ఇన్నేళ్లూ అసెంబ్లీ నోటీసులన్నీ సమ్మయ్యే సర్దాడు, నేను సంతకం పెట్టాను. ఇవాళ నేనే సర్దాను. పేరున్న కాగితమే జత చేసి, మూలన గుర్తు కోసం "జత 1" అని రాసి, కవరు అంటించి, స్వయంగా వెళ్లి అసెంబ్లీ ఆఫీసులో ఇచ్చాను. మూసిన కవరు, పేరు ఆ ఆఫీసు దాటదు. ఇక ఎవరూ మార్చలేరు. చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.

జూలై 9

సమ్మయ్య సంచి చూసుకున్నాడేమో. "నోటీసు నువ్వే ఇచ్చినవా అక్కా?" అన్నాడు. ఇచ్చాను అన్నాను. ఇంకేదో అడగబోయాడు. ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకుని బయటికి వచ్చేశాను.

జూలై 13

మద్దేడు నుంచి ఫోన్. లచ్చక్కని పనిలోకి రావద్దన్నారు. ఇద్దరు జీపులో వచ్చారట. నేనేమీ చూడలేదు, ఎవరికీ చెప్పలేదు అని రాసి ఉన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. "కొడుకు పని కూడ పోతదన్నరంట" అని చెప్పింది పక్కింటామె. లచ్చక్క ఫోన్లోకి రాలేదు.

ఆ గదిలో ఆ రోజు ఉన్నది ముగ్గురం.

జూలై 14

అడిగేశాను. టీ తెచ్చి బల్ల మీద పెడుతున్నాడు.

"ఎంతకు చెప్పావు సమ్మయ్యా?"

ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. ఆ ముఖం చూడలేక ఫైలు తిప్పాను.

"ఏ కాగితం పెట్టినవక్కా కవర్ల?"

నన్నే ప్రశ్నలడుగుతున్నాడు... ఆ మాటే అన్నాను, ఇంకా చాలా అన్నాను. నా కింద పనివాళ్లు వినేలా అన్నాను. అతను బీరువా తాళాలు, కారు కాగితాలు తీసి టీ పక్కన పెట్టాడు.

"బీపీ గోలి పొద్దుగాల ఏస్కోలే నువ్వు. యాదికుంచుకో."

వెళ్లిపోయాడు.

జూలై 15

ఈ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేవాడు అతనొక్కడే, అతనూ లేడు. ఎవరి నుంచి దాస్తున్నాను?

జూలై 17

నా నోటీసుకి హాస్టళ్లు చూసే శాఖ తన జవాబు ప్రతి ఒకటి ముందుగా పంపింది. "ఆరోపణ నిరాధారం. సదరు మహిళ స్వయంగా ఖండించినది." కింద ఆమె రెండో వేలిముద్ర. దాని కింద, "గౌరవ సభ్యురాలు జతపరచిన పత్రం" — లచ్చక్క మొదటి కాగితం. జిరాక్స్‌లో పసుపు నల్లగా పడింది. మూలన తెలుగు అక్షరాలు.

జత 1.

నా చేతిరాత.

అసెంబ్లీ గుమాస్తాకి ఫోన్ చేసి, ఎవరో కొత్త సభ్యుడి కోసం అన్నట్టు అడిగాను. నోటీసుతో ఏది జత చేసినా జవాబు కోసం శాఖకి పోతుందట, శాఖ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి ఆ హాస్టల్‌కే. "అందుకే మేడమ్, పేర్లు తీసేసి ఇస్తారు. మీ సమ్మయ్యగారికి తెలుసే" అన్నాడు.

తెలుసు. అందుకే రెండో కాగితం.

జూలై 18

సమ్మయ్య ఫోన్ ఎత్తడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇంతమందిలో నేను అనుమానించనిది నన్నొక్కదాన్నే.

జూలై 20, మద్దేడు

చెప్పేయాలనే వచ్చాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. లచ్చక్క ఇంటి ముందు కూర్చుని చింతగింజలు ఏరుతోంది. నన్ను చూసి లేచింది, కొంగుతో మంచం తుడిచింది. నేను నోరు తెరవకముందే తనే —

"సమ్మన్న మొన్న వచ్చి పోయిండక్కా. తప్పు నాదే, కాగితం నేనే పెట్టిన, అక్కకు ఎరుకలేదు అన్నడు. కాళ్లు పట్టుకోబోయిండు. నేను పట్టనియ్యలే."

టీ ఇచ్చింది. తాగాను. చక్కెర ఎక్కువైంది. నాకోసమే వేసి ఉంటుంది.

చెప్పు, చెప్పు అనుకుంటున్నాను. ఊళ్లోవాళ్లు ఇద్దరు ముగ్గురు చేరారు. నమస్తే అక్కా అన్నారు. ఈ అక్కే మన గొంతు అన్నారొకరు.

"నువ్వు నమ్మినోళ్లే గిట్ల చేస్తే ఏంది నీ గతి? ఆ మనిషిని మళ్ల దగ్గరికి రానియ్యకు" అంది లచ్చక్క.

సరే అన్నాను.

జూలై 22, రాయపూర్

పదకొండున్నరకి సభలో నా నోటీసు చర్చకు వస్తుంది. మంత్రి ఆ కాగితం పైకెత్తి చూపిస్తాడు, "ఇది మీరే ఇచ్చారు కదా" అంటాడు. అవును అంటే, పేరు ఇచ్చింది నేనేనని సాయంత్రానికి మద్దేడులో టీవీ చూసే ప్రతి ఇంటికీ చేరుతుంది. కాదు, మా ఉద్యోగి పొరపాటు అంటే... సమ్మయ్య కాదనడు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. ఏది అన్నా లచ్చక్క పని తిరిగి రాదు. పిల్ల రాదు.

గోలి వేసుకున్నాను.

పదకొండు దాటింది. సభ గంట మోగుతోంది. సమ్మయ్యకి నేను చేసిన ఫోన్ కూడా మోగుతోంది, అతను ఎత్తడం లేదు. పెట్టేయలేదు నేను.